బ్యాండు పున్నయ్య ఎర్రటోపీ

నోరున్నవాడిదే ఊరు మరి! తెల్లవాళ్ళ కాలంలో యుద్ధానికి పోయి వచ్చిన పున్నయ్యను మాచవరం జనం బ్యాండుమేళంలో కలిపేశారు. రుజువేమిటయ్యా అంటే, ఆయన పెట్టెలో ఉన్న ఎర్రటోపీ. మిలిటరీ టోపీ ఆకుపచ్చగా ఉండాలట, ఎర్రటోపీలు పెట్టుకునేది పెళ్ళిళ్ళలో బాకాలూదేవాళ్ళేనట! చచ్చి పదేళ్ళయినా ఆయన బ్యాండు పున్నయ్యే.

ఆ మాట వింటే మనవరాలు ఆరోగ్యమ్మకు ఒళ్ళు మండిపోయేది. సున్నపుబట్టీలో ఒళ్ళొంచి సంపాదించిన కూలితో, ఎనభై ఆరులో, సమాధుల పండగకని తాత సమాధికి నాపరాయి వేయించింది. రాయి చెక్కే అంతోని పేరు చెక్కేసి, "కింద ఏం రాయను? బ్యాండు అని రాయనా?" అంటూ ఇకిలించాడు.

"చేతులిరగ్గొడతా! మిలిటరీ అని రాయి."

"రుజువు తే, రాస్తా. రాతిమీద అబద్ధం చెక్కమంటే ఎట్టా?"

రుజువు ఉండాల్సిందే. కానీ నాయనమ్మ మార్తమ్మ ఉందే, మహాతల్లి, క్రిస్మస్ వచ్చినప్పుడల్లా ఇత్తడి గిన్నెలతోపాటు ఆ టోపీకి గుచ్చిన పటాలం బిళ్ళను కూడా చింతపండేసి తోమింది. తోమగా తోమగా బిళ్ళ నున్నబడిపోయింది. దానిమీద ఏ బొమ్మ ఉండేదో ఆ దేవుడికే ఎరుక. పెట్టెలో ఇంకా ఉన్నదల్లా ఒక గుడ్డముక్క. దానిమీద రెండు రెక్కలు, నడుమ గొడుగులాంటి బొమ్మ. క్రిస్మస్ నాటకంలో దేవదూత చొక్కాదిలే అని ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆరోగ్యమ్మ అన్నీ మూటగట్టుకుని పిడుగురాళ్లలో లారీల షెడ్డు నడిపే గులాం మొహిద్దీన్ దగ్గరికి పోయింది. ఆయన మిలిటరీలో బండ్లు బాగుచేసి వచ్చినవాడు. టోపీ అంచు తిరగేసి, తోలుపట్టీ కింద ఎండ తగలని చోట రంగు చూశాడు. పండిన నేరేడుపండు రంగు. గుడ్డముక్క విప్పేసరికి ఆయన చేతిలో పానా కిందపడింది.

"యా అల్లా! ఇది నీకెక్కడిదమ్మా?"

"దేవదూత రెక్కలు గదా బాబాయ్?"

"దేవదూత ఏంది! అది పారాచూట్. విమానంలోంచి దూకినోళ్ళకే ఇస్తారు ఈ రెక్కలు. ఈ రంగు టోపీ కూడా వాళ్ళదే. మీ తాత ఆకాశంలోంచి దూకాడమ్మాయ్!"

ఆరోగ్యమ్మ సంతోషం పట్టలేకపోయింది. బస్సు కోసం కూడా ఆగకుండా సున్నపురాయి లారీ ఎక్కేసి, దారంతా డ్రైవరు బుర్ర తినేసింది. మాచవరంలో దిగి, ఎదురొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ సమాధుల దొడ్డికి పరిగెత్తింది. అక్కడ అంతోని రాయి ముందు కూర్చుని ఉన్నాడు. తాత సమాధికి మార్తమ్మ సున్నం వేస్తోంది.

"నాయనమ్మా, తాత విమానంలోంచి దూకాడంట! మొహిద్దీన్ బాబాయ్ రెక్కలు చూసి చెప్పాడు!"

మార్తమ్మ కుంచె కిందపెట్టింది.

"మీ తాత నాకు చెప్పాడే. యుద్ధం నించి వచ్చిన రోజే చెప్పాడు. తాడిచెట్టు ఎక్కమంటే కళ్ళు తిరిగే మనిషి విమానంలోంచి దూకాడంటే ఎట్టా నమ్మనే? పగలబడి నవ్వా. మళ్ళా ఆయన ఎన్నడూ ఆ ఊసెత్తలా."

అంతోని ఈసారి ఇకిలించలేదు. ఉలి అందుకుని, "ఏం రాయమంటావు అవ్వా?" అన్నాడు.

"ఆయన దూకాడని రాయి నాయనా," అంది మార్తమ్మ. "నేను నవ్వానని మాత్రం రాయమాకు."