గ్యాస్ మాస్కుకి ఊలు తొడుగు

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను హైదరాబాదులో ఏదో పెద్ద హాలుకి తీసుకెళ్ళింది. "బావుంటుందమ్మా, రా" అంది. బావుండటం సంగతి దేవుడెరుగు, గుమ్మంలోనే పాతికేళ్ళ కుర్రాడొకడు అట్టముక్కల కవచం తొడుక్కుని, చంకలో ప్లాస్టిక్ కత్తి పెట్టుకుని, బాత్రూమ్ ఎటని వాచ్‌మన్‌ని అడుగుతూ కనిపించాడు. లోపలంతా అదే సంత. వీడియో గేముల్లో, బొమ్మల పుస్తకాల్లో ఉండాల్సినవాళ్ళంతా ఉద్యోగాలు చేసుకునే మనుషుల మీదికి ఎక్కి కూర్చున్నారు. ఒక మూల స్టాలులో ఊలుతో అల్లిన రోబోలు, రాకెట్లు, గ్రహాంతర పీతలు పెట్టి అమ్ముతున్నారు. "అన్నీ హ్యాండ్‌మేడ్ ఆంటీ, గీక్ థీమ్" అంది స్టాలు పిల్ల. గీక్ అంటే ఏమిటన్నాను. "ఇష్టమైనదాని మీద పిచ్చి ఉన్నవాళ్ళు ఆంటీ" అంది గర్వంగా. మా రోజుల్లో ఇంట్లో ఎవరికైనా పిచ్చి ఉంటే నలుగురికీ తెలియకుండా దాచేవాళ్ళు. అక్కడ రెండు కొమ్ములున్న ఆకుపచ్చ టోపీ ఒకటి కనిపిస్తే తీసి, లోపలివైపు తిప్పి, వేలితో తడిమి చూశాను. "ఏం వెతుకుతున్నారు ఆంటీ?" అంది ఆ పిల్ల. "కొస" అన్నాను. దారం కొస చక్కగా ముడేసి, జిగురు పెట్టి, పైన చీటీ కుట్టేసి ఉంది. మా అమ్మాయి అటు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వు వెనక మా వదిన ఉంది.

వదినంటే మా ఆయన అక్క. నేను కాకినాడ నుంచి పెళ్ళై రియాద్ వెళ్ళేసరికే ఆవిడ అక్కడ కాపురం పెట్టి పాతబడిపోయింది. మాది కింద వాటా, వాళ్ళది పై వాటా. మా ఆయన ఒక కట్టుబడి కంపెనీలో లెక్కలు రాసేవారు. అన్నయ్యగారు, అంటే వదిన భర్త, మరో కంపెనీలో కంప్యూటర్లు చూసేవారు. చూసేవారు అన్నమాట ఊరికే వాడలేదు, అంతకన్నా ఏం చేసేవారో నాకెప్పుడూ అంతుపట్టలేదు. పిల్లలు లేరు. ఆ లోటు తీర్చడానికన్నట్టు ఆయనే పిల్లాడైపోయాడు. టీవీకి తగిలించే ఆటపెట్టె ఒకటి కొనుక్కుని, ఆఫీసు నుంచి రాగానే లుంగీ కట్టుకుని, ఆకాశంలోంచి దిగే పీతల్ని ఒక ఆకుపచ్చ సైనికుడి చేత చంపించడం ఆయన నిత్యకృత్యం. గోడల నిండా రాకెట్ల బొమ్మలు, బీరువా నిండా అంతరిక్షం సీరియళ్ళ క్యాసెట్లు. భార్య అనేది గడ్డి పెట్టాలి కదా. ఈవిడ పక్కన కూర్చుని ఆ పీతల్ని ఊలుతో అల్లేది.

ఊలు బత్తా బజారు నుంచి కిలోల లెక్కన వచ్చేది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన అల్లిక అట. ఆ సిస్టర్లు ఏసుప్రభువు కోసం నేర్పి ఉంటారు గానీ ఇందుకోసం కాదు. సోఫాకి పీతల తొడుగు, టీవీకి రాకెట్ తొడుగు, టిష్యూ డబ్బాకి రోబో తొడుగు. ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా వెండిరంగు చొక్కా వేసి ఉపగ్రహం అన్నారు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. వీళ్ళింట్లో రోకలి ఒక్కటే లేదు, ఉంటే దానికీ అల్లేవాళ్ళు. నమూనాలు అన్నయ్యగారివి. తెర మీద బొమ్మని గళ్ళుగా విడగొట్టి, ఆఫీసు ప్రింటర్ మీద ఇంటూ గుర్తులతో అచ్చు తీసి తెచ్చేవారు. ఒక గడికి ఒక కన్ను, అంటే అల్లికలో ఒక్కో ఉచ్చు, అని ఆయన శాస్త్రం. అల్లికలో కన్ను పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. అంచేత ఆయన గీసిన నిలువెత్తు సైనికుడు స్వెట్టర్ మీదికి వచ్చేసరికి నెత్తిన బండరాయి పడ్డవాడిలా చదునై, అడ్డంగా సాగిపోయేవాడు. రెండు గళ్ళు ఎక్కువ వేసుకోండి అంటే వినరు. కంప్యూటర్ ఇచ్చిన లెక్క తప్పదంటారు, ఊలు నాసిరకం అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆ చదును సైనికుడి స్వెట్టర్ వేసుకుని మా అమ్మాయి స్కూలుకి వెళ్తే టీచరు, కప్ప బొమ్మ బాగుందని మెచ్చుకుంది.

అది కూడా సహించేదాన్ని. సహించలేనిది ఆవిడకున్న ఇంకో అలవాటు. పిల్లల కోసం అల్లినదేదైనా కొస ముడి వెయ్యదు. చివరి కళ్ళని ఒక పిన్నీసుకి గుచ్చి, మిగిలిన దారాన్ని అలాగే వేలాడదీసి ఇచ్చేస్తుంది. "పెరిగే పిల్ల అమ్మాయ్! కొస బిగిస్తే పెరుగుదల కూడా బిగుసుకుపోతుంది. మా అమ్మమ్మ చెప్పేది" అనేది. వాళ్ళ అమ్మమ్మది సామర్లకోట దగ్గర పల్లెటూరు. ఎండలకి ఒంటిమీద చీరే బరువనిపించే ఊళ్ళో ఆవిడ ఏ ఊలు చూసిందో, ఏ కొస వదిలిందో! పిన్నీసు ఊడిందంటే స్వెట్టర్ గతి అంతే. స్కూలు గేటుకి దారం తగులుకుని, మా అమ్మాయి మూడో వరస బెంచీ దాకా నడిచేలోపు సగం చెయ్యి ఊడిపోయి ఇంటికొచ్చిన రోజుంది. కొస ముడెయ్యండి వదినా అంటే, నా చేత్తో నేను వెయ్యను అనేది. నేను వేస్తే వచ్చి విప్పేది.

ఇంతలో యుద్ధం వచ్చింది. కువైట్ సంగతి టీవీలో చూస్తున్నంతకాలం అది మాది కాదనుకున్నాం. తీరా మాదయ్యేసరికి కదిలే దారి లేదు. పాస్‌పోర్టులు కఫీల్ దగ్గర, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న అక్కడి యజమాని దగ్గర ఉన్నాయి, దేశం దాటాలంటే ఎగ్జిట్ కాగితం మీద ఆయన సంతకం పడాలి. ఆయన మొదటి సైరన్‌కే కుటుంబంతో సహా జెద్దా వెళ్ళిపోయాడు. పడేవి మామూలు బాంబులు కావు, విషవాయువు నింపి పంపుతారని అందరి నోటా అదే మాట. కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు అంటించి, తలుపు కింద తడి తువ్వాళ్ళు దోపుకోమన్నారు. మా ఆయన కంపెనీ డ్రైవర్, జగిత్యాల ఆయన, ఒక పొద్దున మాస్కులు పట్టుకొచ్చాడు. "అమ్మా, గివి మొఖానికి పెట్టుకోవాల్నట. పోరికి చిన్నది దొరకబట్టుకొచ్చిన. అలవాటు చెయ్యుండ్రి" అన్నాడు. మరి నీకేదయ్యా అంటే, పనివాళ్ళ క్యాంపులో తడి తువ్వాలతో సరిపెట్టుకోమన్నారని నవ్వాడు. కంపెనీల దయ ఎక్కడిదాకా ఉంటుందో నాకు ఆ నవ్వుతో తెలిసింది.

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. ఆ మాస్కు ముఖం దగ్గరికి తెస్తే చాలు, ఇల్లెగిరిపోయేలా అరిచేది. రబ్బరు వాసనకి వాంతి చేసుకుంది. ఏనుగు ముఖం, నాకొద్దు అంది. బతిమాలాను, భయపెట్టాను, రెండు తగిలించాను. మాస్కులొచ్చాక మొదటిసారి సైరన్ మోగినప్పుడు మా ఆయన దాని కాళ్ళూ, నేను దాని చేతులూ పట్టుకుని తొడిగితే, ఎలా విడిపించుకుందో విడిపించుకుని పీకి అవతల పారేసింది. తడి తువ్వాలు దాని ముక్కుకి అదిమి పట్టుకుని, నేను మాత్రం మాస్కులో హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. ఆ రోజు పడింది ఎక్కడో దూరంగా, అందులో విషం లేదు. రేపు ఉంటే? నా మాస్కు కూడా తీసి పక్కన పెట్టేశాను. దానికి లేని గాలి నాకెందుకు?

మర్నాడు వదిన దిగొచ్చి, "ఆ మాస్కు ఇలా ఇవ్వు అమ్మాయ్, దాన్ని సైనికుడిగా చేస్తాను" అంది. నాకు ఒళ్ళు మండింది. ఊరి మీద క్షిపణులు పడుతుంటే ఊలు ఉండ పట్టుకొచ్చే మనిషిని ఏమనాలి? కానీ చేతిలో వేరే ఉపాయం లేదు, ఇచ్చాను. మొగుడూ పెళ్ళాం మూడు రోజులు కూర్చున్నారు. ఆటలో సైనికుడికి ఉన్నట్టే ఆకుపచ్చ శిరస్త్రాణం, రెండు కొమ్ములు, కళ్ళ దగ్గర అద్దాలకి మాత్రం కంతలు, ముక్కు కింద గాలి వడకట్టే డబ్బా ఉంటుందే, దాని చుట్టూ ఎర్రటి మూతి. ఎప్పటిలాగే కొస ముడి లేదు. మూతి నట్టనడుమ పిన్నీసు, దానికింద జానెడు దారం. మా అమ్మాయి దాన్ని చూసి గెంతింది. పట్టీలు బిగించకుండా వదులుగా తొడుక్కుని మేడ మీదికీ కిందికీ పరుగులు పెట్టింది. అన్నం తినడానికి కూడా తియ్యనంది. "చూశావా!" అన్నట్టు వదిన నా వైపు చూసింది. బాగుందని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. కొమ్ములు వంకరగా ఉన్నాయన్నాను.

రెండు రోజులకి, పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి సైరన్ మోగింది. ఐదుగురం వదినావాళ్ళ పడగ్గదిలో దూరి తలుపు సందులన్నీ టేపు వేసేశాం. మా అమ్మాయి ఎవరూ చెప్పకుండానే మాస్కు తొడుక్కుని, నా చేత పట్టీలు బిగించుకుని, గోడకి ఆనుకుని సైనికుడిలా నిలబడింది. నా కడుపు నిండిపోయింది. ఎక్కడో ధబ్బున చప్పుడైంది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. అప్పుడు గమనించాను, దాని పొట్ట ఎగిరెగిరి పడుతోంది. కళ్ళ అద్దాలు పొగమంచు పట్టి తెల్లబడ్డాయి. మోకాళ్ళ మీద కూలబడింది. తీద్దామని చెయ్యి వేస్తే రెండు చేతులతో మాస్కుని గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. సైనికుడు యుద్ధంలో శిరస్త్రాణం తియ్యడు కదా, వాళ్ళ మామయ్య నేర్పాడు.

ఎర్ర మూతి చూశాను. ఊలు మెత్తగా, దళసరిగా, దాని ఊపిరి తడికి నాని, గాలి డబ్బా మీద అట్ట కట్టినట్టు అతుక్కుపోయింది. కళ్ళ కంతల దగ్గర్నుంచి కొమ్ముల దాకా బొమ్మ కుదిరిందా లేదా అని చూసుకున్న ఆ మహానుభావులు ఇద్దరిలో ఒక్కరికీ, గాలి ఎటునుంచి లోపలికి వెళ్తుందన్న ఆలోచన రాలేదు. ఇప్పుడు మాస్కు తీస్తే, గదిలో విషం ఉంటే పిల్ల పోతుంది. తియ్యకపోతే ఊపిరాడక పోతుంది. తొడుగొక్కటే లాగేద్దామంటే అది మాస్కు పట్టీలతో కలిపి కుట్టేసి ఉంది. టేపు ముక్కలు బయటే కత్తిరించుకుని లోపలికొచ్చాం, కత్తెర తలుపు అవతలే ఉండిపోయింది. పళ్ళతో కొరుకుదామంటే నా ముఖానికి రబ్బరు డబ్బా. నా వేళ్ళకి పిన్నీసు తగిలింది. ఊడబెరికి, ఆ దారం పట్టుకుని లాగాను. కన్ను వెనక కన్ను, వరస వెనక వరస, నడిమి నుంచి అంచు దాకా మూతంతా టకటకా ఊడొచ్చి నా ఒళ్ళో ఎర్రటి పోగులా పడింది. డబ్బా బయటపడింది. లోపల పిల్ల ఒక్కసారి బలంగా గాలి పీల్చిన చప్పుడు వినిపించింది. అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు. మాస్కు దాని ముఖాన అలాగే ఉంది.

ప్రమాదం లేదన్న సైరన్ మోగాక అందరం మాస్కులు తీశాం. వదిన నా ఒళ్ళో ఊలు చూసి, "అయ్యో, అంతా ఊడదీసేశావా అమ్మాయ్? మూడు రోజుల పనే!" అంది. "పిల్ల చచ్చిపోయేది వదినా! గాలి డబ్బాకి గుడ్డ కప్పుతారా ఎవరైనా?" అని అరిచాను. అన్నయ్యగారు గొంతు సవరించుకుని, డిజైన్ సరైనదే, ఊలే కాస్త మందమైంది అన్నారు. ఆయన్ని ఆ గదిలోంచి బయటికి తీసుకెళ్ళమని మా ఆయనకి చెప్పాను, లేకపోతే యుద్ధంలో మా కుటుంబానికి తగిలిన మొదటి దెబ్బ ఆయనకే తగిలేది. వదిన మాత్రం పిల్లని దగ్గరికి లాక్కుని, "ఏదీ, ఊదవే తల్లీ" అని దాని నోటి ముందు తన చెంప పెట్టింది. అది ఊదింది. ఇంకోసారి ఊదించుకుంది. "అత్తా, చక్కిలిగిలి పెడుతోందా?" అంది మా అమ్మాయి. వదిన ఏడ్చింది.

మర్నాడు ఆ ఎర్ర ఊలుతోనే మళ్ళీ మూతి అల్లింది, ఈసారి డబ్బా చుట్టూ కట్టు లాగా, మధ్యలో ఖాళీ వదిలి. ఎక్కడికక్కడ కళ్ళు జారిపోయాయి. ఆఖరికి మళ్ళీ అదే పిన్నీసు, అదే వేలాడే దారం. నేను చూశాను. ముడెయ్యమని అనలేదు. ఆ పిన్నీసు వంగిపోయింది, కొత్తది పెట్టండి అన్నాను.

యుద్ధం ముగిశాక ఆ తొడుగు సంగతి మా వీధిలో తెలుగు వాళ్ళకి, తెలుగు రాని వాళ్ళకి కూడా తెలిసి, వదిన పేరు మారుమోగింది. మూతి కథ మాత్రం ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మొన్నటిదాకా ఆవిడ అల్లికలకి మూతి తిప్పిన ఆడవాళ్ళే వచ్చి మా పిల్లాడికో పీత, మా పాపకో రోబో అని వరస కట్టారు. ఏ ఎండకా గొడుగు. తర్వాత అన్నయ్యగారిని కంపెనీ జిజాన్ పంపింది. గాలే ఉడికిపోయే ఆ సముద్రపుటూళ్ళో ఊలు ముట్టుకున్నవాడుండడు. అయినా ఆవిడ అల్లుతూనే ఉంది, ఈయన అచ్చు తీస్తూనే ఉన్నాడు. ఆయన సైనికులు ఆఖరిదాకా చదునుగానే ఉన్నారు. వదిన పోయి చాలా ఏళ్ళైంది. ఆవిడ చేతి అల్లిక ఒక్కటి కూడా నాకు నచ్చలేదని ఇప్పటికీ ఎవరడిగినా చెప్తాను.

ఆ హాలు నుంచి ఇంటికొచ్చాక మా అమ్మాయి తన బీరువాలోంచి ఆ తొడుగు తీసింది. ఆకుపచ్చ రంగు వెలిసింది, ఒక కొమ్ము పురుగు కొట్టేసింది, నేను పెట్టమన్న పిన్నీసుకి తుప్పు పట్టింది. దాన్ని నెత్తిన పెట్టుకోబోయింది గానీ చెవుల దాకా కూడా దిగలేదు. పెరిగే పిల్ల అని కదా వదిన కొస ముడెయ్యనిది. ఆ పిల్ల పెరిగింది. ఇన్నేళ్ళలో కాలం చేసిన పనుల్లో నేను వంక పెట్టలేనిది ఆ ఒక్కటే.