పళ్ళెం మీది సంతకం

ఆత్మకూరు బజారులో పప్పులు, బెల్లం అమ్మే ఒక టోకు అంగడి ఉంది. యజమాని కూర్చునే బల్ల వెనక అద్దాల బీరువాలో మాత్రం వేరే సరుకు ఉంటుంది. పాత నాణేలు, స్టాంపులు, ఈమధ్య రాజకీయ నాయకుల సంతకాలు. హైదరాబాదులో, చెన్నైలో వాటిని కొనేవాళ్ళున్నారని, బేరమంతా ఫోన్లోనే అయిపోతుందని ఆయన చెప్పాడు. బతికున్న నాయకుడికంటే పోయిన నాయకుడి సంతకానికి ధర ఎక్కువ. అడిగినవాళ్ళకల్లా పెట్టిచ్చినవాడిది చవక. పీఏ పెట్టిందని తేలితే అది చిత్తు కాగితం.

నేను చాలా ఏళ్ళు ఈ ప్రాంతంలో విలేకరిగా పనిచేశాను. నాకు తెలిసిన సంతకాలు అర్జీల మీద పడేవి. పడ్డాక ఏ పనీ జరిగేది కాదు. వాటికి ధర ఉంటుందంటే నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె వెతికాను. ఎప్పటిదో ఉదయగిరి సభ ఆహ్వాన పత్రిక దొరికింది. దాని మీద ఆనాటి నాయకుడు పెట్టిచ్చిన సంతకం ఉంది. ఆయన పోయి చాలాకాలమైంది. అంగడాయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, నేను అనుకోని ధర చెప్పాడు. అమ్మేశాను. ఎవరికీ చెప్పలేదు. నాయకుల దగ్గర టీ నీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదని చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి. ఇది ఆ లెక్కలోకి వస్తుందో రాదో తేల్చుకోలేకపోయాను.

ఉదయగిరికి ఏ నాయకుడు వచ్చినా శాలువాతో పాటు చెక్క స్పూన్ల సెట్టు ఇస్తారు. నా ఆహ్వాన పత్రిక నాటి సభలో ఇచ్చినాయన స్పూన్లు చెక్కేవాడే. ఇచ్చి ఊరుకోకుండా, తాను చేసిన పళ్ళెం ఒకటి ముందుకు చాచి సంతకం అడిగాడు. నాయకుడు నవ్వి, పెన్ను తీసి పెట్టాడు. అది నాకు గుర్తుంది.

ఆ పనివాడు పోయిన ఏడాది చనిపోయాడు. ఊరి బయట సమాధుల తోటలో పెట్టారు. మట్టి దిబ్బ మీద నాటిన చెక్క శిలువను చెదలు తినేశాయి. ఆయన భార్య నన్ను అన్నా అని పిలుస్తుంది. సిమెంటుతో సమాధి కట్టించి, రాతి పలక మీద భర్త పేరు వేయించాలని ఆమె కోరిక. వాన పడ్డప్పుడల్లా దిబ్బ కుంగుతోందని, ఇట్లాగే పోతే ఆయన ఎక్కడ ఉన్నాడో కూడా తెలియకుండా పోతుందని నాతో చెప్పుకుంది.

పళ్ళెం ఉందా అని అడిగాను. ఉందంది. దాన్ని అమ్మితే సమాధి కట్టగా ఇంకా మిగులుతుందని చెప్పాను. పళ్ళెం తెప్పించి చూడలేదు. కొత్తగా వచ్చిన విలేకరులకు కళ్ళతో చూడందే రాయొద్దని చెప్పింది నేనే. నా మాట మీద ఆమె మేస్త్రీని పిలిపించింది. అతను దిబ్బ చుట్టూ కొలిచి సున్నంతో గీత పోసి వెళ్ళాడు.

ఆత్మకూరు బస్సులో ఆమె ఆ పళ్ళేన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. అంగట్లో తువ్వాలు విప్పాక, ఆ సభ తర్వాత నేనూ అప్పుడే చూశాను. సంతకం చెక్కలోకి లోతుగా దిగి ఉంది.

అంగడాయన భూతద్దం పెట్టి చూశాడు. ఇంకు కోసం వెతికాడు. తర్వాత వేలితో ఆ గాడిని తడిమాడు.

"ఇది ఎవురు చెక్కింది అమ్మా?"

"మా ఆయనే. ఇంకు మాసిపోతా ఉంటే, పోకూడదని ఆ గీత మీదనే కత్తి మొనతో చెక్కినాడు. చూడండి, వెంట్రుకంత కూడా పక్కకి పోలా."

"అదే చిక్కు వచ్చింది తల్లీ. ఇప్పుడిది ఆయప్ప చెయ్యి కాదు, మీ ఆయన చెయ్యి. దీనికి గిరాకీ ల్యా."

ఆమె నా వైపు చూసింది. నేను బీరువా వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆమె చూపు కూడా అటే వచ్చింది. అద్దం వెనక నా ఆహ్వాన పత్రిక నిలబెట్టి ఉంది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఆ సంతకం వంపులు చూసిన మనిషి, వెంటనే గుర్తుపట్టింది.

"అది ఎవురిది?" అంది.

అంగడాయన ఉత్సాహంగా సార్‌దేనని చెప్పాడు. ఒక్క మడత కూడా లేకుండా ఎంత బాగా దాచారో చూడమన్నాడు. నేను దాచలేదు. పెట్టెలో పడేసి మరిచిపోయాను, అంతే. పళ్ళేనికైతే చెక్క సామాను ధర ఇస్తానని ఆయన అంటూ ఉండగానే ఆమె తువ్వాలు చుట్టేసింది.

తిరుగు బస్సులో, నా ఆహ్వాన పత్రికకు వచ్చిన డబ్బుతో సమాధి కట్టిద్దామన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ వద్దంది. తర్వాత ఇటు తిరిగింది.

"నీది ముందే అమ్ముకున్నావని నాకెందుకు చెప్పలేదన్నా?"

చేతిలో టికెట్టును మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. ఉదయగిరి కొండ కనబడింది. దిగేటప్పుడు, "మేస్త్రీకి నువ్వే చెప్పు. నేను చెప్పలేను" అంది.

మర్నాడు సమాధుల తోటకు వెళ్ళాను. మేస్త్రీ అప్పటికే ఇటుక దింపించుకుంటున్నాడు. పని ఇప్పుడు లేదని, ఇంకుతో ఉన్న నా ఆహ్వాన పత్రిక అమ్ముడైంది గానీ చెక్కిన పళ్ళెం అమ్ముడుపోలేదని, కారణంతో సహా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. ఇటుక బండిని వెనక్కి తిప్పమని కేకేసి, చెప్పుకాలితో సున్నం గీతను మట్టిలోకి చెరిపేశాడు. రాత్రి వానకు అది అప్పటికే సగం కరిగి ఉంది.

"మరి మీది ఎంతకి పోయింది సార్?" అన్నాడు.

చెప్పాను. సగానికి తగ్గించి చెప్పాను.