రైఫిల్ నొసలు

తార్నాకలో దర్జీ తన మిషన్‌కు నూనె వేస్తుంటే, ఆ వాసనకు మామయ్య ఎయిర్ రైఫిల్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మామయ్య మా ఇంట్లో ఉండి యూనివర్సిటీలో చదివేవాడు. పోటీల కోసం కొత్త రైఫిల్ కొని, రోజూ మిషన్ నూనెతో తుడిచేవాడు. క్యాంపస్ షూటింగ్ రేంజ్‌లో గుండు పక్కకు పోయినప్పుడల్లా, గురి చూసే రంధ్రం పక్కనున్న స్క్రూ కొంచెం తిప్పేవాడు. నానా తంటాలు పడ్డాక గురి కుదిరింది.

అంతలో దసరా వచ్చింది. ఇంట్లో కత్తిపీట దగ్గర్నుంచి అన్నిటికీ బొట్లు పెడుతున్న అమ్మమ్మ, రైఫిల్ పట్టుకుని “దీనికి నొసలు యాడున్నదే?” అని నన్నడిగింది. మామయ్య ముఖం ఆనించే చోటే దాని ముఖమనుకుని రంధ్రం చూపించాను. అమ్మమ్మ పసుపు కుంకుమలు దట్టంగా అద్దింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని రేంజ్‌కు వెళ్లిన మామయ్య, “ఏందిది, ఏం కనిపిస్తలేదు! ఎల్లుండే పోటీ!” అని అరిచాడు. అగ్గిపుల్లకు దూది చుట్టి రంధ్రం తుడిచేసరికి, కుదిరిన గురి కాస్తా తప్పింది. మళ్లీ స్క్రూ తిప్పుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రానికి గుండు అట్ట మీది నల్లచుక్క నడిమధ్య దిగింది.

ఆ మాట వినగానే అమ్మమ్మ, “మరి? బొట్టు పెట్టినంకనే గద తగిలింది!” అంది.

మామయ్య ఇప్పుడు పిల్లలకు షూటింగ్ నేర్పుతున్నాడు. గురి కుదిర్చేది స్క్రూనే అని వాళ్లకు చెబుతాడు. దసరాకు మాత్రం ప్రతి రైఫిల్‌కూ బొట్టు పెడతాడు, అదీ భుజానికి ఆనించే కర్ర మీద, ముందుగా ఆ రంధ్రానికి గుడ్డ చుట్టి.