నాయన నేసిన కత్తిపోట్లు

రోమ్ చక్రవర్తిని చంపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉండడమేమిటి, మిగతావాళ్లందరినీ కూడగట్టిందే నేను. చక్రవర్తికి ప్రాణస్నేహితుడైన ఒక మంచి మనిషిని ఉబ్బేసి, దేశమంతా నీ వంకే చూస్తోందని నమ్మించి, అతని చేతికి కత్తి ఇచ్చిందీ నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. యాభైల చివర్లో, ధర్మవరంలో పట్టుచీరలు నేసుకునే యువకులం పదిమందిమి కలిసి హిందూపురంలో ఆడిన నాటకం అది. మా హైస్కూలు అయివారు ఒకాయన రోమ్ చరిత్ర చదువుకుని సొంతంగా తెలుగులో రాశాడు.

అంతకుముందు మా ఊళ్లో నాటకమంటే కిరీటం, హార్మోనియం, పద్యం. ఈ నాటకంలో ఒక్క పద్యం కూడా లేదు. పద్యం లేకుంటే ఎవరు చూస్తారని మేం అడిగితే, అయివారు కళ్లద్దాలు తీసి మా వంక చూశాడు.

"కుట్ర పన్నేవాడు యాడన్నా రాగం తీసుకుంటా పన్నుతాడేమప్పా?" అన్నాడు.

ఇక వేషాలకు కావలసిన బట్టలు. రోమ్ వాళ్లు ఏం కట్టుకుంటారో మాకు తెలియదు. అయివారు ఒక పుస్తకంలో బొమ్మ చూపించాడు. గుండీలు లేవు, కుట్టు లేదు, ఒంటికి చుట్టుకున్న పొడుగాటి గుడ్డ, అంతే. మాకు నవ్వాగలేదు. ఇంటింటా మగ్గం పెట్టుకుని, ఆ గుడ్డ కోసమా ఇన్నాళ్లు దిగులుపడ్డాం అనుకున్నాం.

అసలు చిక్కు చివరి అంకంలో ఉంది. చనిపోయిన చక్రవర్తి మీద కప్పిన వస్త్రాన్ని ఒకడు ఎత్తి, కత్తిపోట్లు పడిన చోట్లను జనానికి ఒక్కొక్కటిగా చూపిస్తాడు. పాత పంచె చింపి చూపిస్తామని మేం అన్నాం. అయివారు ఒప్పుకోలేదు. చూసేవాళ్లు సగం మంది నేతవాళ్లే, వాళ్లకు ముందు గుడ్డ మీద ప్రాణం కొట్టుకోవాలి, ఆ తర్వాతే మనిషి మీద జాలి పుడుతుంది అన్నాడు. ఎర్రటి అంచుతో తెల్లటి పట్టు కావాలన్నాడు. ఎంత తెలివైన మనిషో చూడండి.

కుట్రదారు వేషం కోసం ఇద్దరం పోటీ పడుతున్నాం. రెండోవాడి గొంతు నాకంటే బాగుండేది, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అందరి ముందూ లేచి, చక్రవర్తి వస్త్రం మా నాయన చేత నేయిస్తానని మాటిచ్చాను. వేషం నాకు వచ్చింది. నా మొహం చూసి కాదు, మా నాయన చేతి పనితనం చూసి.

"గుడ్డ రాకుంటే వేషం గూడా రాదు, గుర్తు పెట్టుకో," అన్నాడు అయివారు.

మా నాయన నేసిన చీర తప్పుందని వెనక్కి రావడం నేను పుట్టింది మొదలు చూడలేదు. ఒక్క పోగు తెగితే ఆపి, ముడి కనపడకుండా కలిపితే గానీ అడ్డపోగు మోసే నాడెను మళ్లీ ఆడించేవాడు కాదు. అలాంటి మనిషి దగ్గరికి పోయి, చించడానికి ఒక పట్టువస్త్రం నెయ్యమని అడిగాను.

"చించేదానికి నేసే మగ్గం కాదురా ఇది. పో ఈడ్నుంచి," అన్నాడు. వారం రోజులు బతిమాలాను. వినలేదు. అన్నం దగ్గర కూడా నా మొహం చూడలేదు.

అప్పుడు నాకు నా వేషమే దారి చూపించింది. నాటకంలో నేను ఆ మంచి మనిషికి, జనం రాసినట్టుగా దొంగ ఉత్తరాలు పంపిస్తాను. సరే, ఇంట్లో కూడా అదే పని చేద్దామనుకున్నాను. రెండు పోస్టుకార్డులు తెచ్చి, ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో రాశాను. మా నాయన పోస్టు ముద్ర కూడా చూసే రకం. అందుకని రైలెక్కిపోయి ఒకటి హిందూపురంలో, ఒకటి పెనుకొండలో డబ్బాలో వేసి వచ్చాను. రెండు ఊళ్లలోనూ లేని మనుషులకు పేర్లు పెట్టాను, పెనుకొండ ఆయనకు కోట పక్కన ఇల్లు కూడా ఇచ్చాను. ధర్మవరంలో మీ అంత నేతగాడు లేడని విన్నాం, ఆ వస్త్రం మీ చేతి మీదుగా వస్తేనే నాటకానికి వస్తాం అని రెండిటి సారాంశం.

మొదటి కార్డు వచ్చినప్పుడు నాయన కిటికీ దగ్గర నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. రెండోది వచ్చినప్పుడు నన్ను పిలిచి, అవ్వకు వినపడేలా గట్టిగా చదవమన్నాడు. నా అబద్ధాన్ని నేనే, కొత్తగా చూస్తున్నట్టు తడబడుతూ చదవాల్సి వచ్చింది. రంగం మీద కూడా నేనంత బాగా నటించలేదు.

మరుసటి రోజు పొద్దున్నే నాయన తెల్లటి పడుగు సిద్ధం చేసుకుంటున్నాడు.

"నేస్తా. అయితే నేను నేసిన గుడ్డకు కత్తి తగలనియ్యను. ఆ పోట్లు గూడా నేనే నేస్తా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నేసేటప్పుడు చూస్తే గానీ తెలియలేదు. అంచు రంగు వేరుగా రావడానికి మూడు నాడెలు వాడడం మా ఊళ్లో మామూలే. నాయన ఆ పద్ధతినే గుడ్డ నడిమికి తెచ్చాడు. కత్తి దిగాల్సిన చోట పేకను, అంటే అడ్డపోగును, రెండు పక్కల నుంచీ తెచ్చి, మధ్యలో కలవనివ్వకుండా వెనక్కి తిప్పేవాడు. జానెడు మేర అలా నేసేసరికి అక్కడ కత్తి దిగినట్టు చీలిక మిగిలేది. ఒక్క పోగు తెగలేదు. అలాంటివి ఏడు నేశాడు. పక్కన కూర్చుని దారం కండెలకు చుడుతున్న అవ్వ ఊరుకోలేదు.

"ఊరంతా బాగుండే గుడ్డ నేస్తాంటే, నువ్వు బొక్కల గుడ్డ నేస్తాండావేమిరా?" అంది.

"బొక్కలు గూడా తప్పు లేకుండా నెయ్యాల గదమ్మా," అన్నాడు నాయన. ఆ మాట విని మురిసిపోయాను, ఆ వెంటనే కార్డులు గుర్తుకొచ్చాయి. ఆయన మొట్టమొదటిసారి తన మగ్గం మీద కావాలని తప్పు నేస్తున్నాడు, అదీ నా దొంగ రాతలు నమ్మి.

నాయనను కూడా వెంటబెట్టుకుని హిందూపురం పోయాం, పొద్దుగూకే వేళకు నాటకం మొదలైంది. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను. నేను ఆ మంచి మనిషి చెవిలో మాటలు పోస్తుంటే ముందు వరసలో ఒకాయన "నమ్మొద్దప్పా వాణ్ణి!" అని కేకేశాడు. నటుడికి అంతకంటే పెద్ద బిరుదు ఏముంటుంది? కానీ ఆ రోజు నన్ను మించిపోయింది గుడ్డ. వస్త్రం పైకెత్తి, దీపాల వెలుగులో ఏడు చీలికలూ చూపించగానే ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యో, పట్టు గుడ్డ!" అని ఒకటే రొద. చక్రవర్తి కోసం కన్నీళ్లు ఆ తర్వాతే వచ్చాయి. నాటకం ముగిశాక పట్టు వ్యాపారులు రంగం మీదికి ఎక్కి, చీలికల అంచులు వేళ్లతో తడిమి చూశారు.

"చించింది కాదప్పా ఇది, నేసిందే! శానా చెన్నాగుండాది!" అని మెచ్చుకున్నాడు ఒకాయన. నేసిందెవరని అడిగారు. మా నాయన అని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను.

తీరా చూస్తే నాయన అక్కడ లేడు. చేతిలో కార్డు పట్టుకుని, వెళ్లిపోతున్న జనంలో తనకు రాసిన మనిషి కోసం ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. "రాలేదేమో నాయనా," అన్నాను.

పొద్దున రైల్లో ధర్మవరం బయల్దేరాం. నాయన కిటికీ పక్కన హుషారుగా కూర్చున్నాడు. పెనుకొండ స్టేషను రాగానే లేచి పంచె సర్దుకున్నాడు.

"నువ్వు ఇంటికి పో. ఈడ కోట పక్కన ఇల్లంట, ఆయనకు ఒక నమస్కారం పెట్టి సాయంత్రం బండికి వస్తా," అన్నాడు.

మా నాయన రెండో కార్డు పట్టుకుని కోట చుట్టూ ఇల్లిల్లూ తిరగడం నా కళ్ల ముందు కనిపించింది. ఆ పెద్దమనిషిని చూసి ఊరు నవ్వుతుంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"దిగొద్దు నాయనా. ఆ మనిషి లేడు. హిందూపురం ఆయన గూడా లేడు. రెండు కార్డులూ నేనే రాసినా."

నాయన నిలబడే ఉన్నాడు. బండి కదిలింది. మెల్లగా కూర్చుని, కార్డును రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"దీంట్లో రాసింది నిజమా, అబద్ధమా?" అన్నాడు.

"నిజమే నాయనా. ప్రతి మాటా నిజమే."

"మల్ల నీ పేరు పెట్టి రాసింటే ఏం పోయిండేదిరా?"

ఇరవై రెండేళ్లు ఆయన మగ్గం పక్కనే పెరిగాను, ఒక్కసారి కూడా ఆ మాట నా నోటితో చెప్పలేదు. కళ్లు తుడుచుకుని రైలుపెట్టెలో లేచి నిలబడ్డాను. రంగం మీద నిలబడ్డట్టే నిలబడి, ఆ చివర కూర్చున్నవాళ్లకు కూడా వినపడేలా చెప్పాను.

"ధర్మవరంలో మా నాయనంత నేతగాడు లేడు!"

"ఊరికే అరవొద్దురా, కూర్చో," అన్నాడు నాయన. అని, అందరూ విన్నారో లేదో అని పెట్టె అంతా ఒకసారి కలయజూశాడు.