రెండు స్విచ్చిల బల్బు

మొన్న రాజాం పాలిటెక్నిక్‌లో పారిటీ పాఠం చెబుతున్నాను. పంపిన సున్నా-ఒకటి బిట్లలో ఒకట్ల లెక్క సరిసంఖ్య కావాలి, బేసి వచ్చిందంటే దారిలో ఏదో తారుమారైనట్టే, పట్టేది ఎక్స్‌ఆర్ గేటనే సర్క్యూటు అని. వెనక బెంచీ అమ్మాయి లేచి, ఒకేసారి రెండు బిట్లు తారుమారైతే ఏం చెబుతుంది సార్ అని అడిగింది. అంతా బాగానే ఉందంటుంది అన్నాను. ఇరవై ఏళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండా చూడమని దేవుడికి మొక్కుకుంటున్నవాణ్ణి.

మా మేనమామ ఇల్లు సముద్రపొడ్డున. ఆయన చేపల వేటలో ఉన్నంతసేపూ అత్త ఇల్లు ఊడ్చేది కాదు. మనిషి నీళ్ల మీదుండగా చీపురు పడితే మనిషినే ఊడ్చేసినట్టట. కానీ ఆవిడ చేపల తట్టతో నరసన్నపేట పోయి వచ్చేసరికి, ఆయన వచ్చి ఊళ్లోకి పోయాడో, ఇంకా రానేలేదో తెలిసేది కాదు. అప్పుడే డిప్లొమాలో చేరి, లోకంలో నాకు తెలియనిది లేదనుకుంటున్న రోజులు. మేడమెట్లకు చేసే వైరింగే చేశాను. వీధి గుమ్మంలో ఒక స్విచ్చి, పెరటి గుమ్మంలో ఒకటి, రెండింటికీ కలిపి వంటింట్లో ఎర్ర బల్బు. వేటకు వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి, ఏ గుమ్మంలో ఉంటే ఆ స్విచ్చి నొక్కాలి. వెలిగితే మనిషి నీళ్ల మీద, ఆరితే ఇల్లు చేరినట్టు. అత్త ఊరందరికీ చూపించి మురిసిపోయింది. మావయ్య కొడుకు, మా బావ, పడవెక్కితే వాంతులు చేసుకునే రకం, వల బాగుచేసుకుంటూ నన్ను ఆటపట్టించాడు.

"నానూ ఎల్లిపోతే ఏటవుతాదిరా, ఇంజినీరూ?"

నువ్వెళ్లినప్పుడు చూద్దాంలే అన్నాను, అందరం నవ్వాం. జవాబు నాకు తెలుసు. ఒక స్విచ్చి మారితే వెలుగుతుంది, రెండోదీ మారితే ఆరిపోతుంది. ఇంకో బల్బు పెట్టడానికి బద్ధకించాను, అంతే.

ఆ వానాకాలం ఒకరోజు మావయ్య వేకువనే వీధి స్విచ్చి నొక్కి వెళ్లాడు. పొద్దెక్కాక, ఆయన వల మరిచిపోయాడని బావ పెరటి స్విచ్చి నొక్కి, బల్బుకేసి చూడకుండానే, వల తీసుకుని తెప్ప నీళ్లలోకి తోశాడట. ఒడ్డున ఆడుకునే పిల్లలు తరవాత చెప్పారు. మధ్యాహ్నం అత్త వచ్చేసరికి బల్బు ఆరి ఉంది. హమ్మయ్య అనుకుని చీపురు తీసింది. అంతలో గాలి తిరిగింది. సముద్రంలో ఎవరెవరున్నారని పెద్దలు ఇల్లిల్లూ అడుగుతూ వచ్చారు.

"దీపం ఆరిపోనాది, మావోల్లు వచ్చీసినారు" అంది అత్త, ఊడుస్తూనే.

వెతకబోయిన పడవలు మిగతావాళ్ల కోసం ఉత్తరంగా పోయాయి. పొద్దువాలే వేళకు మావయ్య ఎలాగో ఒడ్డుకు పడి, తడి బట్టలతో వచ్చి వీధి స్విచ్చి నొక్కాడు. బల్బు వెలిగింది. అత్తా మావయ్యా దానికేసే చూస్తూ నిలబడిపోయారట. మూడోరోజు తెప్ప ఒక్కటే కొట్టుకొచ్చింది.

నేను వెళ్లేసరికి అత్త చీపురు ముందు పెట్టుకుని కూర్చుంది. "నానే ఊడ్సీసినాన్రా, నా కొడుకుని" అంది. కాదత్తా, తప్పు నా బల్బుది అనాలి. అనలేదు, పిరికివాణ్ణి. బల్బు మాత్రం విప్పి తెచ్చేసుకున్నాను.

ఆ అమ్మాయి అడిగిన వారానికి, ఈసారైనా చెప్పేద్దామని వెళ్లాను. అత్త ఆరోజు తరవాత మళ్లీ చీపురు ముట్టలేదు, నేనే ఇల్లంతా ఊడ్చి, టీ తాగి వచ్చేశాను. ఆవిడ తప్పు తనదంటుంది, నేను నాదని చెప్పను. ఇన్నేళ్లు గడిచాక చూసేవాళ్లకు మా ఇంట్లో అంతా బాగానే ఉంది.