కుర్చీలో నేను, నిలబడి ఆయన

దేశంకాని దేశంలో మేముండే సెంగ్‌కాంగ్‌లో, మా ఎదురింటావిడ చైనా నుంచి వచ్చిన ఆర్టిస్టు. ఆర్టిస్టంటే బొమ్మలు గీస్తుందనుకునేరు, కుంచె ముట్టదు. ఫోటోలు, వీడియోలు తీస్తుంది. తనలాంటి మరికొందరు చైనా ఆడవాళ్లతో కలిసి ప్రదర్శనలు పెడుతుంటుంది. ఒకసారి పిలిస్తే వెళ్లాను. ఒకామె మొగుడి చొక్కాలన్నీ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని ఫోటో దిగింది. ఇంకొకామె వాళ్లమ్మ జుట్టుకు రంగేసుకుంటుంటే మొదట్నుంచి చివరిదాకా వీడియో తీసింది. అవి బాగున్నాయో లేదో నాకు తేలలేదు. బాగున్నాయని చెప్పి వచ్చేశాను.

ఈమధ్య ఎదురింటావిడ పాత పెళ్లి ఫోటోల మీద పడింది. మా హాల్లో అత్తయ్యావాళ్ల ఫోటో ఉంది. మామయ్య కుర్చీలో, అత్తయ్య పక్కన నిలబడి. చైనాలో వాళ్ల తాతా నాయనమ్మల ఫోటో కూడా అచ్చం ఇలాగే ఉంటుందట. అందుకని తెలిసిన జంటలతో దాన్ని తిరగేసి వీడియో తీస్తోంది. ఆడమనిషి కూర్చోవాలి, మగమనిషి నిలబడాలి, ఆపమనేదాకా కదలకూడదు. మా ఆయన నవ్వుతూ ఒప్పుకున్నారు. నేను పట్టుచీర కట్టుకుని దర్జాగా కూర్చున్నాను.

కెమెరా నడుస్తుండగా, తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తయ్య లోపలి గదిలోంచి వచ్చారు. నేను చటుక్కున లేచి నిలబడ్డాను. లేచినట్టు నాకే తెలియలేదు. అయ్యో, పాడుచేశానే అని మళ్లీ తీయమన్నాను. ఎదురింటావిడ తీయనంది. తనకు ఇదే కావాలంది. ప్రదర్శనలో ఇదే వేస్తానని, శుక్రవారంలోగా సరేనో కాదో చెప్పమని వీడియో నా ఫోనుకు పంపింది.

నాకు ఒళ్లు మండింది. పెద్దావిడ వస్తే లేవడం మా మర్యాద. దాన్ని తెరమీద వేస్తే, పాపం అణిగిపోయిన కోడలని ఊళ్లోవాళ్లంతా నన్ను చూసి జాలిపడాలా? వద్దనేద్దామనుకున్నాను. మరి అది నిజంగా మర్యాదే అయితే చూపించడానికి నాకెందుకు నామోషీ? బియ్యం కడుగుతున్నా ఇదే గోల, ట్రైన్ ఎక్కినా ఇదే గోల. మా ఆయన్ని అడిగితే నీ ఇష్టమన్నారు, అదేదో పెద్ద సాయమైనట్టు.

చివరికి అత్తయ్యకే చూపించాను. ఆవిడ వద్దంటే నా పీడ వదులుతుందని ఆశ. ఫోను కళ్లదగ్గరగా పెట్టుకుని చూశారు. మళ్లీ వేయమన్నారు.

“నీ మొహం చూడమ్మాయ్. భయపడి లేచావు,” అన్నారు.

“అబ్బే, మర్యాద కొద్దీ లేచానత్తయ్యా.”

“మా అత్తగార్ని చూసి నేనూ ఇట్టాగే లేచేదాన్ని. నాకు తెలీదా?”

ఇన్నేళ్లూ తెలిసే ఊరుకున్నారా? ఒక్కసారైనా కూర్చోమని ఎందుకనలేదని అడిగేశాను. ఆవిడ ఫోను నా చేతికిచ్చారు.

“నువ్వట్టా లేస్తుంటే నాకు బాగా అనిపించేది,” అన్నారు.

కోపం వచ్చింది. ఆ కోపంలోనే, నాతో ఇంత నిజం ఇంకెవరు చెప్పారనీ అనిపించింది. వంటింట్లోకి పోయి, ప్రదర్శనలో వేసుకోమని ఎదురింటావిడకి మెసేజ్ పెట్టాను. అత్తయ్య మీద కక్షతో పెట్టానా, ఆవిడ మాట మీద గౌరవంతో పెట్టానా అంటే, ఈ రోజుకీ చెప్పలేను.