మెరుపును ఉంచుదామా, పొడుగును ఉంచుదామా

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు, అందులోనూ ఫుట్‌బాల్ గురించి. ఆ రోజుల్లో మార్టూరు దగ్గర రాళ్లు పాలిష్ చేసే యూనిట్‌లో కొత్తగా సూపర్‌వైజరుగా చేరాను. భోజనాల వేళ సెల్‌ఫోన్‌లో విదేశీ మ్యాచ్‌లు చూసేవాణ్ణి. ఆ చదువుతోనే మా ఊరి జట్టుకు సలహాదారునైపోయాను (ఎవరూ నియమించలేదు, నేనే అయ్యాను). జట్టులో నా అసలు హోదా మాత్రం రెండో గోల్‌కీపరు. అంటే గీత బయట కూర్చుని కొత్త గ్లవ్స్ తొడుక్కోవడం, తీయడం, మళ్లీ తొడుక్కోవడం. రెండేళ్లలో ఒక్క నిమిషం కూడా ఆడింది లేదు. ఒక్కసారైనా గోల్‌లో నిలబడాలని ప్రాణం కొట్టుకుపోయేది.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం పోటీలకు బయటి ఊళ్ల ఆటగాళ్లను పిలిపించుకుంటాం. జీతం గీతం ఉండదు, పోటీలు అయ్యేదాకా ఎవరింట్లోనో ఉంచుకుని కడుపునిండా అన్నం పెడతారు. ఆ ఏడు ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ ఊళ్లో ముద్దుపేర్లు పడ్డాయి. ఒకడు గోల్స్ కొట్టే మెరుపు. రెండోవాడు దర్శి నుంచి వచ్చిన గోల్‌కీపరు పొడుగు. వచ్చే ఏడు కూడా ఇంట్లో ఉంచుకుంటామని మా పెద్దమ్మ ఒక్కతే ముందుకొచ్చింది, అదీ ఒక్కణ్ణే. ఎవరినో వెంటనే తేల్చుకోకపోతే ఇద్దర్నీ పక్క ఊరివాళ్లు ఎగరేసుకుపోతారు. జట్టును చూసుకునే డ్రిల్లు మాస్టారు ఆ పని నాకు అప్పగించారు.

ఆదివారం పగలంతా కూర్చుని కాగితం మీద గళ్లు గీశాను. వేగం, పాసులు, క్రమశిక్షణ, అన్నిట్లోనూ మెరుపే గెలిచాడు. పొడుగు పేరు కింద ‘మ్యాచ్ మధ్యలో గోల్ వదిలేసి పారిపోయాడు’ అని ఎర్ర ఇంకుతో రాశాను. పొడుగు పోతే గోల్‌లో నిలబడేది నేనేనన్న సంగతి రాయడానికి మాత్రం గడి మిగల్లేదు!

సాయంత్రం పెద్దమ్మ వసారాలో మాస్టారి ముందూ, మా నాన్న ముందూ కాగితం చదివాను. పెద్దమ్మ ఓ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“బానే ఉంది గానీ, మరి గోల్‌లో ఎవరుంటార్రా?” అన్నారు మాస్టారు.

“ఎవరో ఒకరు ఉంటారు గదండీ,” అన్నాను గోడ వైపు చూస్తూ.

పెద్దమ్మ తల కూడా ఎత్తలేదు. “ఒరేయ్, వాడు పారిపోయాడని రాశావు గానీ ఎటు పారిపోయాడో రాశావా?”

సెమీఫైనల్ రోజు సంగతి అది. ఆట మధ్యలో టపటపా చినుకులు మొదలయ్యాయి. గ్రౌండ్ పక్క కల్లాల్లో ఊరందరి మిరపకాయలూ ఎండుతున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా లేచి అటు పరుగెత్తారు. పొడుగు కూడా గోల్ వదిలేసి ఒక్క దూకున కల్లంలో పడి, పట్టా లాగి కాయల మీద కప్పాడు. ఈలోగా అవతలివాళ్లు ఖాళీ గోల్‌లోకి బంతి తన్నేశారు, మేం ఓడిపోయాం. గీత దగ్గర నిలబడి, “ఎవడి కాయలు తడిస్తే నీకేంట్రా, వెనక్కి రా!” అని గొంతు చించుకున్నది నేనొక్కణ్ణే.

“అవి మన కాయలేరా,” అన్నాడు నాన్న మెల్లగా. “పట్టా రెండో కొస పట్టుకుంది నేనే. నీ అరుపు వినపడింది.”

విదేశీ గోల్‌కీపర్ల ఎత్తు సెంటీమీటర్లతో సహా తెలిసిన నాకు, మా కాయలు ఏ కల్లంలో ఉన్నాయో తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. కాగితం వెనక్కి తిప్పి పొడుగు పేరు నేనే రాసిచ్చాను. (గ్లవ్స్ తలుచుకుంటే ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు!)

మరుసటి ఏడు ఒక మ్యాచ్‌లో మేం నాలుగు గోల్స్ ముందున్నాం. ఇంకో పది నిమిషాల ఆట ఉందనగా పొడుగు కుంటుకుంటూ బయటికొచ్చాడు. “కాలు పట్టేసింది అన్నా, నువ్వు దిగు,” అన్నాడు. దిగాను. ఆ పది నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చాను. ఒకటి ఆపాను, అంటే అదే వచ్చి నా పొట్టకు తగిలింది. ఎలాగోలా గెలిచాం.

ఆ సాయంత్రం దర్శి బస్సు కదిలిపోతుంటే పొడుగు రోడ్డు పొడవునా పరుగెత్తి, ఒక్క గెంతులో ఎక్కేశాడు, పట్టేసిన ఆ కాలితోనే. నా కాగితం సంగతీ, నా గ్లవ్స్ ఆశ సంగతీ పెద్దమ్మ అతనికి ఎప్పుడో చెప్పేసిందట. నేను దుమ్ములో నిలబడి, ఇంకా గ్లవ్స్ తీయకుండానే, బస్సు కనపడినంతసేపూ చెయ్యి ఊపాను. మా అమ్మాయికి మాత్రం ఇప్పటికీ ఆ ఆపిన గోల్ సంగతొక్కటే చెబుతుంటాను.